ఘాట్‌లో ఆర్15 క్లచ్ జారుతోంది: ఏ భాగాలు కొనాలి, ఏవి వద్దు?

శ్రీకాకుళం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర 2019 మోడల్ యమహా ఆర్15 వి3 ఉంది. 41,000 కిలోమీటర్లు తిరిగింది. వెనుక స్నేహితుణ్ని ఎక్కించుకుని సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ రేజ్ పెరుగుతోంది గానీ బండి వేగం అందుకోవడం లేదు. మెకానిక్ చూసి ‘క్లచ్ సెట్టు మొత్తం మార్చాలి’ అన్నారట. ఆన్‌లైన్‌లో వెతికితే మూడు రకాలు కనిపించాయి: పేరు తెలియని చవక కిట్టు, కంపెనీ ప్లేట్లు, కెవ్లార్ (వేడిని తట్టుకునే గట్టి నార) ప్లేట్లతోపాటు గట్టి స్ప్రింగులు ఇచ్చే ‘రేసింగ్ కిట్టు’. ఏది కొనాలి, గట్టి స్ప్రింగులు వేస్తే మళ్లీ జారకుండా ఉంటుందా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా చెబుతాను. కంపెనీ ఫ్రిక్షన్ ప్లేట్లు (రాపిడి పొర అతికించినవి), కంపెనీ స్ప్రింగులు, కుడివైపు కవరుకు కొత్త గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా ఆపే పొర) కొనండి. వాటి మధ్య ఉండే ఉత్త స్టీల్ ప్లేట్లు కొనాలా వద్దా అన్నది క్లచ్ విప్పి కొలిచాక తేల్చుకోండి. బాస్కెట్ (ప్లేట్లు కూర్చునే గిన్నె), హబ్బు (ప్లేట్ల మధ్యలో ఉండే భాగం), ప్రెజర్ ప్లేటు (ప్లేట్లను నొక్కి పట్టేది) కంటితో చూడకుండా ఆర్డరు పెట్టవద్దు. గట్టి స్ప్రింగులు మీ బండికి పనికిరావు, ఎందుకో కింద వివరంగా రాస్తాను. కెవ్లార్ మీ వాడకానికి అవసరం లేదు. వీటన్నిటికంటే ముందు, రూపాయి ఖర్చు లేకుండా చూడాల్సినవి రెండు ఉన్నాయి: క్లచ్ లివర్ ఆట, ఇంజిన్‌లో పోసిన ఆయిల్.

విజయనగరంలో ఈ తరహా బండ్ల ఇంజిన్ పని చేస్తుంటాను. ‘క్లచ్ పోయింది’ అని వచ్చే బండ్లలో కొన్నింటికి అసలు క్లచ్ విప్పాల్సిన పనే ఉండదు. లివర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి. లివర్‌ను వేలితో మెల్లగా లాగితే కేబుల్ బిగుసుకునేలోపు చివర కదిలే దూరం అది. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ ఆట పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. ప్లేట్ల దొంతర పలచబడితే ప్రెజర్ ప్లేటు లోపలికి జరుగుతుంది, పుష్ రాడ్‌ను (లివర్ లాగితే ప్రెజర్ ప్లేటును లేపే కడ్డీ) నెడుతుంది, లివర్ దగ్గర ఆట తగ్గిపోతుంది. ఆట పూర్తిగా పోతే, మీరు లివర్ వదిలేసినా కేబుల్ క్లచ్‌ను కొంచెం లాగి పట్టుకునే ఉంటుంది. అంటే బండి నడిచినంతసేపూ మీరు హాఫ్ క్లచ్‌లో ఉన్నట్టే. ఇలా కొన్ని వారాలు తిరిగితే బాగున్న ప్లేట్లు కూడా కాలిపోతాయి.

మన సముద్ర తీరంలో దీనికి ఇంకో కారణం తోడవుతుంది. కళింగపట్నం వైపు నుంచి ఒకాయన ఇదే ఫిర్యాదుతో వచ్చారు. కేబుల్ కింది కొసన ఉన్న రబ్బరు తొడుగు చిరిగి, ఉప్పుగాలికి లోపలి తీగ తుప్పుపట్టింది. లివర్ వదిలితే చటుక్కున వెనక్కి రావడం లేదు, బద్ధకంగా వచ్చి చివర్లో ఆగిపోతోంది. కేబుల్ మార్చి ఆట సరిచేస్తే జారడం ఆగింది, ప్లేట్లు ముట్టుకోలేదు. మీరూ తీరం పక్కనే ఉన్నారు కాబట్టి కేబుల్‌ను ముందు అనుమానించండి.

ఇక ఆయిల్. మీ బండిలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లో మునిగి పనిచేస్తుంది. కార్లలో క్లచ్ సాధారణంగా ఇంజిన్ ఆయిల్‌లో తడవదు కాబట్టి, మైలేజీ కోసం చాలా కార్ల ఆయిళ్లలో రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. ఆ రసాయనాలు మీ ఫ్రిక్షన్ ప్లేట్లకు పట్టుకుంటే క్లచ్ జారడం మొదలవుతుంది. ఈ ఇబ్బంది కోసమే జపాన్‌వారు 1998లో మోటారు సైకిల్ ఆయిళ్లకు జాసో టి 903 అనే ప్రమాణం తెచ్చారు. డబ్బా వెనుక ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ అని ఉండాలి. ‘ఎంబీ’ అని ఉంటే అది గేరు లేని స్కూటర్ల కోసం, మీకు వద్దు. 10డబ్ల్యూ-40 అన్న అంకె ఒక్కటే చూసి కొనవద్దు. అది ఆయిల్ చిక్కదనం చెబుతుంది గానీ క్లచ్‌కు పనికొస్తుందో లేదో చెప్పదు. డబ్బా మీది గుండ్రటి ముద్రలో ‘రిసోర్స్ కన్జర్వింగ్’ అని ఉంటే పక్కన పెట్టేయండి.

పలాస నుంచి వచ్చిన ఒక కేటీఎం ఆర్‌సీ 390కి అప్పటికే వేరే చోట ప్లేట్లు మార్చారు. కొత్త ప్లేట్లు కూడా నెలల్లోనే జారడం మొదలైంది. ప్లేట్లు తీసి కొలిస్తే మందం బాగానే ఉంది, ముఖం మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఆరా తీస్తే ఇంట్లో కారు సర్వీసింగ్ తర్వాత మిగిలిన ఖరీదైన సింథటిక్ ఆయిల్‌నే బండికీ పోస్తున్నారు. ఆయిల్ నాణ్యమైనదే, ఆ బండికి తగినది కాదు. మీరు చివరిసారి ఏ ఆయిల్ పోశారో గుర్తులేకపోతే ముందు దాన్ని మార్చి కొంత దూరం నడిపి చూడండి. ప్లేట్లు ఇంకా కాలకపోతే పట్టు తిరిగి రావచ్చు.

ఈ రెండూ సరిగ్గా ఉండి కూడా జారుతుంటే క్లచ్ విప్పాలి. జారుతోందన్న నిర్ధారణకు చిన్న పరీక్ష: ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీగా ఉన్న రోడ్డు మీద నాలుగో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి పూర్తిగా థ్రాటిల్ ఇవ్వండి. ఆర్‌పీఎం ముల్లు, వేగం కలిసి పెరిగితే క్లచ్ పడుతున్నట్టు. ఆర్‌పీఎం గెంతి, వేగం తర్వాత నింపాదిగా వస్తే జారుతున్నట్టు. న్యూట్రల్ పడకపోవడం, క్లచ్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకడం వేరే జబ్బు. దానికి వంగిన స్టీల్ ప్లేట్లో, గాట్లు పడిన బాస్కెట్టో, లివర్ ఆట మరీ ఎక్కువ కావడమో కారణం. మీరు రాసినదాన్నిబట్టి మీది మొదటిదే.

కొనేటప్పుడు మోడల్ దగ్గరే ఎక్కువ మంది తప్పుతారు. ‘ఆర్15 క్లచ్ కిట్’ అని మాత్రమే రాసి అమ్మేవాటిని ముట్టుకోవద్దు. వి2 ఇంజిన్ 149 సీసీ, అందులో మామూలు క్లచ్. 2018లో వచ్చిన వి3 ఇంజిన్ 155 సీసీ, అందులో అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ (అదేమిటో స్ప్రింగుల దగ్గర చెబుతాను). పేరు ఒకటే అయినా క్లచ్‌లు వేరు. డీలరు దగ్గరకు వెళ్లి చాసిస్ నంబరు చెబితే విడిభాగాల పుస్తకంలో మీ బండికి సరిపోయే పార్టు నంబర్లు చూసి చెబుతారు. ఆ నంబర్లు రాసుకోండి, ఆ తర్వాత ఎక్కడ కొన్నా వాటితో పోల్చి కొనండి. మీ ఊళ్లో నిల్వ లేకపోతే తెప్పించమని అడిగి రెండు రోజులు ఆగండి. ఆ తొందరలో చేతికందిన కిట్టు వేయించుకున్నవాళ్లే మళ్లీ నా దగ్గరకు వస్తున్నారు.

బొబ్బిలి కుర్రాడొకడు ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పించుకుని, బిగించిపెట్టమని తెచ్చాడు. అట్టపెట్టె చూడచక్కగా ఉంది. బండిలోంచి తీసిన పాత ఫ్రిక్షన్ ప్లేట్లను ఒక దొంతరగా, కొత్తవాటిని పక్కన ఇంకో దొంతరగా పెట్టి వర్నియర్‌తో (మందం కొలిచే పనిముట్టు) కొలిచాను. కొత్త దొంతర పాతదానికంటే పొట్టిగా ఉంది. అరిగిపోయాయని తీసేసిన ప్లేట్ల కంటే కొత్తవే పలచన! అంచు పళ్లను పాత బాస్కెట్ గాడిలో పెట్టి కదిపితే లొడలొడమంటున్నాయి. రాపిడి ముక్కలు అతికించిన చోట జిగురు పొంగి గట్టిపడి ఉంది, రెండు ముక్కల మధ్య ఆయిల్ పారాల్సిన సందు ఒకచోట సగం మూసుకుపోయింది. ఆ కిట్టు వాపసు పంపించాం. మీరు ఏ కిట్టు కొన్నా, బిగించే ముందు ఇదే పని చేయించండి: సంఖ్య, పళ్లు, బయటి వ్యాసం, మందం పాతవాటితో సరిచూడాలి. ఒక్కో ప్లేటును మూడు నాలుగు చోట్ల కొలవాలి, ఎందుకంటే అరుగుదల చుట్టూ ఒకేలా ఉండదు. ఎంత మందానికి మార్చాలన్నది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఒక్క ప్లేటు ఆ హద్దు దాటినా సెట్టంతా మార్చాల్సిందే. ఒకటి రెండు మాత్రమే మార్చి సరిపెడితే భారం అన్నింటిమీదా సమానంగా పడదు.

స్టీల్ ప్లేట్ల విషయంలో మీ మెకానిక్ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. అవి ఫ్రిక్షన్ ప్లేట్లలా అరిగేవి కావు, వేడికి చెడతాయి. మందపాటి అద్దం ముక్క మీద ఒక్కొక్క ప్లేటును పడుకోబెట్టి, అంచు కింద ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకుల సెట్టు) రేకు దూర్చి చూడాలి. చాలా బండ్లలో 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లకు మించి వంపు ఉండకూడదు. మీ బండికి ఉన్న హద్దు మాన్యువల్‌లో చూసుకోండి. నెమలికంఠం రంగులో నీలి మచ్చలు ఉంటే ఆ ప్లేటు బాగా వేడెక్కినట్టు, దాన్ని తిరిగి వేయవద్దు. వంపు లేకుండా, మచ్చలు లేకుండా, సమంగా బూడిద రంగులో ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు, ఆ డబ్బు మిగిలినట్టే. మీరు ఘాట్‌లో జారుతున్న క్లచ్‌తో చాలా దూరం లాగారు కాబట్టి ఒకటి రెండైనా నీలం తిరిగి ఉంటాయని నా అనుమానం. అలా ఉంటే వాటినీ సెట్టుగానే తీసుకోండి.

ఇప్పుడు స్ప్రింగుల సంగతి. మీ ప్రశ్నలో నాకు ఆందోళన కలిగించింది ఇదే.

మామూలు క్లచ్‌లో ప్లేట్లను నొక్కి పట్టే బలమంతా స్ప్రింగులదే. అక్కడ పదో పదిహేనో శాతం గట్టి స్ప్రింగులు వేస్తే పట్టు పెరుగుతుంది, చేతికి లివర్ బరువవుతుంది, అంతవరకే. మీ వి3లో ఉన్న అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ అలాంటిది కాదు. హబ్బులోనూ ప్రెజర్ ప్లేటులోనూ ఏటవాలు మెట్లు ఉంటాయి. ఇంజిన్ చక్రాన్ని లాగుతున్నప్పుడు ఆ మెట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి ప్లేట్లను మరింత దగ్గరకు లాగుతాయి. అందుకే కంపెనీ తేలికైన స్ప్రింగులు వేసి కూడా పట్టు రాబట్టగలిగింది, రెండు వేళ్లతో లివర్ లాగగలుగుతున్నారు. మీరు వేగంలో ఒక్కసారిగా గేరు దించినప్పుడు చక్రమే ఇంజిన్‌ను తిప్పబోతుంది. అప్పుడు అవే మెట్లు ఎదురు దిశలో పనిచేసి ప్రెజర్ ప్లేటును కొంచెం పైకి లేపుతాయి, క్లచ్ కాస్త జారి వెనుక చక్రం గెంతకుండా ఆపుతుంది.

ఇందులో గట్టి స్ప్రింగులు వేస్తే ఏమవుతుంది? ఆ మెట్లు ప్రెజర్ ప్లేటును అంత తేలిగ్గా లేపలేవు. అనంతగిరి ఘాట్ దిగుతూ తడి మలుపులో మూడు నుంచి రెండుకు దించిన క్షణంలో మీకు కావలసిన సాయం అందదు. డబ్బిచ్చి కొన్న రక్షణను మళ్లీ డబ్బిచ్చి తీసేయించుకున్నట్టు అవుతుంది. పైగా లివర్ బరువు, కేబుల్ మీద, పుష్ లివర్ మీద అదనపు భారం. అరిగిన ప్లేట్లను అలాగే ఉంచి గట్టి స్ప్రింగులతో నెట్టుకురావాలని చూస్తే ఇంకా ప్రమాదం: కొన్నాళ్లు బాగానే ఉన్నట్టనిపిస్తుంది, ఈలోగా రాపిడి పొర పూర్తిగా పోయి లోహం లోహానికి తగులుతుంది, ఆ పొడి ఇంజిన్ ఆయిల్‌తో కలిసి తిరుగుతుంది. ఆర్‌సీ 390, కవాసకి నింజా 300 లాంటి స్లిప్పర్ క్లచ్ బండ్లన్నిటికీ నేను ఇదే మాట చెబుతాను.

అలాగని పాత స్ప్రింగులనే ఉంచమనడం లేదు. వేడికి స్ప్రింగులు కుంగుతాయి. విడిగా నిలబెట్టి పొడవు కొలిచి మాన్యువల్‌తో పోల్చవచ్చు. కానీ 40,000 దాటిన బండికి, కవరు ఎలాగూ విప్పాం కాబట్టి, కొలతతో పని లేకుండా కంపెనీ స్ప్రింగుల సెట్టు వేసేయండి. ప్లేట్లతో పోలిస్తే వాటి ఖరీదు ఎంతో ఉండదు.

కెవ్లార్ చెడ్డదని నేను అనను. వేడిని బాగా తట్టుకుంటుంది, ట్రాక్ మీద పదే పదే స్టార్టులు తీసుకునేవాళ్లకు పనికొస్తుంది. కంపెనీ ప్లేట్లలో సాధారణంగా కార్కు లేదా కాగితపు నార ఆధారంగా చేసిన పొర ఉంటుంది. విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర పండుగ రద్దీలో అంగుళం అంగుళం కదిలేటప్పుడు లివర్ వదిలే కొద్దీ బండి మెత్తగా అందుకోవడం మీకు కావాలి. కాలేజీకి, ఉద్యోగానికి, నెలకొక ఘాట్ ప్రయాణానికి కంపెనీ పొరే సుఖం. ఎవరిదైనా బయటి ప్లేట్లు వేయాలనే ఉంటే జపాన్ ఎఫ్‌సీసీ లాంటి, బండ్ల కంపెనీలకే క్లచ్‌లు చేసి ఇచ్చే సంస్థవి, మీ మోడల్‌కు ప్రత్యేకంగా రాసి ఉన్నవి మాత్రమే తీసుకోండి.

బాస్కెట్ వేళ్ల (దాని గాళ్ల మధ్య నిలబడే పట్టీల) లోపలి అంచుల మీద ప్లేట్ల పళ్లు కొట్టుకుని గాట్లు పడతాయి. గోరుకు తగిలీ తగలనట్టుంటే సన్నని ఆకురాయితో సాపు చేయవచ్చు. గోరు ఆగిపోయేంత లోతు ఉంటే బాస్కెట్ మార్చాలి, ఎందుకంటే రాసేకొద్దీ సందు పెరిగి పళ్లు మరింత గట్టిగా కొట్టుకుంటాయి. హబ్బు ఏటవాలు మెట్ల మీద గుంటలు ఉన్నాయేమో కూడా చూడమనండి. చాలామంది అటు చూడరు.

బిగించే రోజు మీరు పక్కనే ఉండగలిగితే ఉండండి. మంచి మెకానిక్ ఏమీ అనుకోరు. విప్పేటప్పుడు ఒక్కో ప్లేటు తీయగానే ఫోనుతో ఫొటో తీసుకోండి. చాలా బండ్లలో అన్నింటికంటే బయట ఉండే ఫ్రిక్షన్ ప్లేటు మిగతావాటితో కలవదు, దాని పళ్లు బాస్కెట్‌లో పక్కనున్న పొట్టి గాడిలో కూర్చుంటాయి. లోపల చివర సన్నని జడ్డర్ స్ప్రింగు (క్లచ్ పట్టేటప్పుడు వణుకు తగ్గించేది) ఉంటే అది ఏ ముఖంతో ఉందో కూడా ఫొటోలో రావాలి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను ముందురోజు రాత్రే శుభ్రమైన పళ్లెంలో, మీరు పోయబోయే ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాలి. పొడిగా వేస్తే మొదటిసారి లివర్ వదిలినప్పుడే పొర మాడవచ్చు. స్ప్రింగు బోల్టులు చిన్నవి, అవి దిగేది అల్యూమినియం స్తంభాల్లోకి. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ రావాలి. చాలా బండ్లలో 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఆగాలి, గాలి మిషనుతో బిగిస్తే స్తంభం విరుగుతుంది. లిక్విడ్ కూలింగ్ బండ్లలో చాలావాటికి నీటి పంపు ఈ కవరులోనే ఉంటుంది. అలా ఉంటే కవరు తీసే ముందు కూలెంట్ దింపి, చివర్లో కొత్తది పోసి గాలి తీయాలి. పాత గ్యాస్కెట్‌ను బ్లేడుతో గీకేటప్పుడు కవరు ముఖం మీద గీత పడితే అక్కణ్నుంచి ఆయిల్ చెమర్చడం ఖాయం, కాబట్టి ఆ పనికి తొందరపెట్టవద్దు. ఆయిల్ జాలీని, ఫిల్టరును అదే రోజు చూడాలి. కాలిన క్లచ్ పొడి చేరేది అక్కడికే.

మీరు అడగకపోయినా ఒక మాట. ఆర్15 వి3 గరిష్ఠ శక్తి 10,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, పై ఆర్‌పీఎంలో బలం కోసం వాల్వులు తెరుచుకునే తీరు మారేది 7,400 దగ్గర. సాలూరు ఘాట్‌లో లోడు లారీ వెనుక పడితే కింది ఆర్‌పీఎంలో బలం చాలదనిపిస్తుంది. అప్పుడు చాలామంది రెండో గేరులోనే ఉండి, క్లచ్ సగం లాగి రేజ్ నిలబెడుతూ ఎక్కుతారు. మీ ప్లేట్లు మాడింది చాలావరకు ఇక్కడేనని నా అంచనా. మొదటి గేరుకు దించి లివర్ పూర్తిగా వదిలేయండి. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి, దానికి ఆ ఆర్‌పీఎం కష్టం కాదు. ఆ వేగం కూడా అందకపోతే లారీకి కాస్త దూరం వదిలి ఆగి, సందు దొరికాక ఒకేసారి కదలండి. ఏటవాలులో ఆగినప్పుడు బ్రేకు మీద నిలబెట్టాలి గానీ క్లచ్ మీద నిలబెట్టకూడదు.

ప్లేట్లు మార్చాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు దూకుడు స్టార్టులు, ఇద్దరితో ఘాట్ ఎక్కడం మానండి. ఆ తర్వాత లివర్ ఆట మళ్లీ కొలవండి: కొత్త ప్లేట్లు సర్దుకుని ఆట కొంచెం తగ్గి ఉండవచ్చు, కొత్త కేబుల్ వేసి ఉంటే అది సాగి పెరిగి ఉండవచ్చు. ప్లేట్లు మార్చేదాకా ఇప్పుడున్న క్లచ్‌తో కోరాపుట్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే వాయిదా వేసుకోండి. క్లచ్ విప్పించిన రోజు స్టీల్ ప్లేట్ల ఫొటో, వర్నియర్ కొలతలు ఇక్కడే పెట్టండి, ఏవి ఉంచవచ్చో చూసి చెబుతాను.